స్టోక్ రోలో కాశీరాజు బావి

"మీ రాజుగారు ఇక్కడ దగ్గర్లో ఒక ఊరికి బావి తవ్వించారు, చూశావా?" అని రెడింగ్‌లో మా పక్కింటి పెద్దాయన అడిగినప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది 2009. ఇంగ్లండ్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆదివారం పొద్దున చెక్క కంచె మీద చేతులానించి ఆయన మాట్లాడుతున్నాడు. నేను ఇటువైపు బట్టలు ఆరేస్తున్నాను. మాది కదిరి దగ్గర చిన్న పల్లె. పాళెగాళ్ళ కథలు వింటూ పెరిగాం గానీ, మాకు రాజెవరున్నారు?

"ఏ రాజు?" అన్నాను.

"బెనారస్ మహారాజు."

చేతిలో తడి చొక్కా అలాగే ఉండిపోయింది. బెనారస్ అంటే కాశీ. మా అవ్వ బతికినన్నాళ్ళూ పోవాలి పోవాలి అనుకుని పోలేకపోయిన కాశీ. ఆ కాశీరాజు ఇక్కడికి తొమ్మిది మైళ్ళ దూరంలో బావి తవ్వించడమేంటి?

ఆ మరుసటి వారమే వెళ్ళాను. రెడింగ్‌లో థేమ్స్ నది మీద కేవర్షమ్ వంతెన దాటి, సోనింగ్ కామన్ మీదుగా పైకి పోతే ఊరి హడావిడి మెల్లమెల్లగా వెనక పడిపోతుంది. రోడ్డు సన్నబడుతుంది. రెండు పక్కల బీచ్ అనే జాతి అడవి చెట్లు పైన కలిసిపోయి, పట్టపగలే దారంతా పచ్చని చీకటి. చిల్టర్న్ కొండలంటారు వాటిని. కొండలంటే మన నల్లమల లాగా ఊహించుకోకూడదు, నేల అలలు అలలుగా లేచి పడుతుంది అంతే. ఆ ఎత్తు మీద, ఆక్స్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో, స్టోక్ రో. ఒకటే వీధి. దాని వెంబడి ఇటుక, చెకుముకిరాయి కలిపి కట్టిన ఇళ్ళు. కొట్టు, బడి, చర్చి, చెర్రీ చెట్టు పేరు పెట్టుకున్న ఒక పబ్బు.

ఆ ఇళ్ళ మధ్యలో, రోడ్డు పక్కనే, ఉన్నట్టుండి ఒక గుమ్మటం కనిపించింది. మన దేశంలో ఏ దర్గా పక్కనో, ఏ కోట లోపలో ఉండాల్సిన గుమ్మటం. గుండ్రంగా వరసగా ఇనుప స్తంభాలు, వాటి మీద 23 అడుగుల ఎత్తున ఉల్లిగడ్డ ఆకారపు కప్పు, కొసన బంగారు రంగు కలశం. కప్పు కింద నీళ్ళు తోడే పళ్ళచక్రాలు. ఆ చక్రాల మీద, ఎక్కడా తగలకుండా హాయిగా నిలబడి, బంగారు పూత పూసిన ఒక బుల్లి ఏనుగు.

చుట్టూ చూశాను. వీధిలో ఎవరూ లేరు. చెప్పులు విప్పేసి మెట్టెక్కాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు. పైన గుండ్రంగా రాసి ఉంది, భారతదేశపు బెనారస్ మహారాజా వారు ఈ బావిని ఇచ్చారని. ఇంగ్లండ్‌లో మన వాళ్ళ దగ్గర నుంచి పట్టుకొచ్చిన వస్తువులు చాలానే చూశాను, మ్యూజియాల్లో అద్దాల వెనక. మన వాళ్ళు ఇచ్చింది అని రాసి ఉన్న వస్తువును చూడడం అదే మొదలు.

కథ తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. కొంత ఆ బావి దగ్గర పెట్టిన పలకల మీద చదివాను, కొంత ఊరి లైబ్రరీలో, కొంత మా పక్కింటాయన చెప్పాడు.

స్టోక్ రో పక్కన ఇప్స్‌డెన్ అని ఇంకో పల్లె ఉంది. అక్కడి పెద్ద కుటుంబంలో పుట్టిన ఎడ్వర్డ్ ఆండర్డన్ రీడ్ కుర్రతనంలోనే ఇండియా వచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. 1831లో ఆజంగఢ్ దగ్గర జనం కోసం బావి తవ్వించాడు. తర్వాత కాశీలో కమిషనర్‌గా చేశాడు. కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. ఒకసారి ఇద్దరూ నీళ్ళ కరువు గురించి మాట్లాడుకుంటుంటే, మా దేశంలోనూ ఈ బాధ ఉంది అని రీడ్ తన సొంత ఊరి సంగతి చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక తల్లి తన చిన్నపిల్లవాడిని కొట్టిందని.

నమ్మడం కష్టంగానే ఉంటుంది. రోజు విడిచి రోజు వాన పడే దేశంలో నీళ్ళ కరువేంటి? మా నాయన కూడా ఇదే అడిగాడు తర్వాత. కారణమంతా ఆ నేలలో ఉంది. చిల్టర్న్ కొండల కింద ఉన్నది సుద్ద. బడిలో బోర్డు మీద రాసే సుద్ద లాంటి మెత్తటి తెల్లరాయి, వందల అడుగుల మందం. ఎంత వాన పడినా జల్లెడలో పోసినట్టు కిందికి దిగిపోతుంది. పైన వాగు లేదు, చెలమ లేదు. జలముంది గానీ ఎక్కడో పాతాళంలో ఉంది. మట్టి గుంటల్లో నిలిచిన వాన నీళ్ళే ఆ పల్లెల వాళ్ళకు ఆధారం. ఎండాకాలంలో గుంట ఎండితే మైళ్ళ కొద్దీ నడవాలి. కుర్చీల కాళ్ళు చెక్కుకునే వాళ్ళూ, కూలీలూ, చిన్న రైతులూ ఉండే పల్లె. అంత లోతు బావి తవ్వించుకునే స్తోమత ఎవరికుంది?

రీడ్ 1860లో ఉద్యోగం విరమించి ఇంటికి వచ్చేశాడు. ఆ తర్వాత రాజు ఇంగ్లండ్‌లో ఏదైనా ధర్మకార్యం చేయాలనుకున్నప్పుడు ఆయనకు గుర్తొచ్చింది ఆ పిల్లవాడు. ఎప్పుడో మాటల్లో విన్న, ముఖం తెలియని, సముద్రాలవతలి పిల్లవాడు.

నన్ను కదిలించింది గుమ్మటం కాదు, ఏనుగూ కాదు, ఇదే. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

నాకు ఏడేళ్ళప్పుడు మా ఊళ్ళో బావులన్నీ అడుగంటాయి. మా నాయన, మా తాత కలిసి తవ్విన మా చేని బావిలో కూడా చేంతాడు అయిపోతున్నా బొక్కెనకు నీళ్ళు అందేవి కాదు. అమ్మ తెల్లవారుజామున మూడు గంటలకే పోయి ఊట ఊరేదాకా కూర్చుని ఒక బిందె ముంచుకొచ్చేది. ఒక రోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చి, ఆ బిందెలో చెంబు ముంచి పలక కడుక్కున్నాను. మామూలుగా ఉమ్మి రాసి తుడుచుకునేవాళ్ళం, ఆ రోజు పంతులు తిట్టాడని శుభ్రంగా కడగాలనిపించింది. అమ్మ చూసింది. చెంప మీద కొట్టింది. ఎప్పుడూ కొట్టని మనిషి. నా చెవిలో గుయ్యిమని చాలాసేపు మోగింది. ఆ రాత్రి నేను నిద్రపోయాననుకుని ఆ చెంప మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

ఇప్స్‌డెన్ పిల్లవాడి సంగతి మొదటిసారి చదివినప్పుడు నా చెంప వేడెక్కింది. అతను నాకు తెలుసు.

రాజు మంచితనాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. 1857లో ఆయన కంపెనీ వైపే నిలబడ్డాడు. తెల్లదొరల దగ్గర మంచి పేరు ఆయనకు అవసరమే. 1860-61లో గంగా యమునల మధ్య ఎగువ దోఆబ్‌లో ఘోరమైన కరువు వచ్చింది. అక్కడ జనం ఆకలితో చస్తుంటే, ఇక్కడ పరాయి దేశంలో బావేంటి అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. కరువు సీమలో పుట్టినవాడిగా ఆ ప్రశ్న నాకూ వస్తుంది. అయినా ఆ బావి గట్టు మీద నిలబడినప్పుడు ఆయన మీద కోపం రాలేదు. దప్పికకు దేశం ఏముంది?

బావి తవ్వడం 1863 మార్చి 10న మొదలైంది. ఆ రోజు యువరాజు పెళ్ళి కూడా. పూర్తి చేసి ఊరికి అప్పగించింది 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున. లోతు 368 అడుగులు. ఇంచుమించు రెండు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి దించినంత. వెడల్పు మాత్రం నాలుగు అడుగులే. మొత్తం చేత్తో తవ్వారు. ఖర్చు 353 పౌండ్ల 13 షిల్లింగుల 7 పెన్నీలు. చక్రాల యంత్రం పక్కనున్న వాలింగ్‌ఫర్డ్‌లో వైల్డర్ కార్ఖానాలో తయారైంది, దానికి ఇంకో 39 పౌండ్ల 10 షిల్లింగులు. బొక్కెనకు తొమ్మిది గ్యాలన్లు, అంటే మన లెక్కలో నలభై లీటర్లకు కొంచెం పైన. అది అడుగు నుంచి పైకి రావడానికి పది నిమిషాలు చక్రం తిప్పాలి. నీళ్ళు అందరికీ ఉచితం, ఎప్పటికీ.

2011 వేసవిలో అమ్మానాయనలను పిలిపించుకున్నాను. అందరూ తీసుకెళ్ళినట్టే లండన్ తీసుకెళ్ళాను. నాయన రాణిగారి కోట ముందు నిలబడి ఫొటో దిగాడు, వంతెన చూశాడు, తల ఊపాడు. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. మూడో వారం స్టోక్ రో తీసుకెళ్ళాను. కారు దిగుతూనే గుమ్మటం చూసి, "ఏం గుడిరా ఇది?" అన్నాడు.

"బావి నాయనా. కాశీరాజు తవ్వించినాడు."

ఆయన తువ్వాలు భుజం మీద నుంచి తీసి నడుముకు చుట్టుకున్నాడు. గట్టెక్కి, బావికి వేసిన మూత మీదుగా కిందికి వంగి, రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను లోతు చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి, "అరవై బారలు పైన" అన్నాడు. మా బావి పది బారలు.

తర్వాత ఆయన అడిగినవి ఏ గైడు పుస్తకంలోనూ ఉండవు. ఇంత సన్న బావిలో ఒక మనిషికి మించి పట్టడు, వాడు గడ్డపార ఎత్తి పొడిచేదెట్లా? పొట్టి పిడి పలుగుతో కూర్చుని తవ్వాలి. తట్ట నిండినాక పైకి పోతా ఉంటే వాడు యాడ నిలబడాల? తల మీదికి ఒక్క రాయి జారినా చాలు. వంద అడుగులు దాటినాక గాలి ఆడదు, దీపం ఆరిపోతే మనిషిని పైకి లాగెయ్యాల. మా బావి తవ్వేటప్పుడు నలభై అడుగులకే తాత ఊపిరాడక పడిపోయాడట, అది నాకు అప్పుడే తెలిసింది. అరవై ఏడేళ్ళ మనిషి, అంతకు ముందు లండన్‌లో పది మాటలు మాట్లాడలేదు, ఆ గట్టు మీద నిలబడి అరగంట ఆపకుండా చెప్పాడు. చెబుతూ చెబుతూ చక్రం పిడి మీద చెయ్యి వేసి, ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు.

"రాజు పేరు రాసినారు సరే, తవ్వినోళ్ళ పేరు యాడన్నా రాసినారా?" అని అడిగాడు చివరికి. గుమ్మటం చుట్టూ తిరిగి చూశాను. రాజు పేరే ఉంది.

అమ్మ మోకాళ్ళ నొప్పులతో మెట్టు మీదే కూర్చుంది. ఆమెకు పిల్లవాడి కథ చెప్పాలా వద్దా అని మనసులో తటపటాయించి, చివరికి చెప్పాను. ఏమీ అనలేదు. కొంగుతో మోకాలి మీద దుమ్ము దులుపుకుంది. కాసేపయ్యాక, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు పలక కడిగినావు."

ముప్ఫై ఏళ్ళ పాటు ఆమెకు గుర్తుందని నాకు తెలియదు.

బావి వెనక తోట ఉంది. అది కూడా రాజు దానంలో భాగమే. నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, మరి చక్రానికి నూనె, కాపలా మనిషికి జీతం ఎట్లా? అందుకని నాలుగు ఎకరాల్లో చెర్రీ తోట వేయించి, పండ్లమ్మిన డబ్బుతో బావి బాగోగులు చూసేలా ఏర్పాటు చేశారు. మన పల్లెల్లో గుడికి మాన్యం రాసిచ్చినట్టే. తోట పేరు ఈశ్వరీ బాగ్. అందులో చేప ఆకారంలో ఒక కుంట, దాని పేరు మత్స్య. ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెలో మత్స్య అనే కుంట! చేప కాశీరాజుల చిహ్నం. బావి పక్కనే కాపలాదారు కోసం కట్టిన ఎనిమిది మూలల బుల్లి ఇల్లు ఇప్పటికీ ఉంది. మేం వెళ్ళింది చెర్రీలు పండే రోజుల్లోనే. నాయన గడ్డిలో రాలిన పండొకటి తీసి తువ్వాలుకు తుడిచి అమ్మకిచ్చాడు. మా ఊళ్ళో నేరేడు పండు ఇచ్చినట్టే.

బావి తవ్వించి ఇచ్చాక కూడా రాజు ఆ ఊరిని మర్చిపోలేదు. 1882లో విక్టోరియా రాణి హత్యాయత్నం నుంచి తప్పించుకున్నప్పుడు ఊరందరికీ రొట్టె, టీ, చక్కెర పంచి భోజనం పెట్టించాడు. ఆయన ఒక్కసారి కూడా స్టోక్ రో చూడలేదు. డెబ్బై ఏళ్ళకు పైగా ఊరు ఆ నీళ్ళే తాగింది. కొళాయిలు వచ్చాక చక్రం ఆగింది.

1961లో ఎలిజబెత్ రాణి కాశీ వచ్చినప్పుడు అప్పటి రాజు ఈ బావి నమూనాను దంతంతో చేయించి ఆమెకిచ్చాడు. 1964లో నూరేళ్ళ పండగకు ఆమె భర్త ప్రిన్స్ ఫిలిప్ స్టోక్ రో వచ్చాడు. ఆ రోజు కాశీ నుంచి తెచ్చిన గంగ నీళ్ళు బావిలో పోశారు. ఈ సంగతి చెప్పగానే నాయన తువ్వాలు నడుము నుంచి విప్పి, బావి వైపు తిరిగి దండం పెట్టాడు. మా అవ్వ కాశీకి పోలేదు. పక్కింటి వాళ్ళు పోయొచ్చి ఇచ్చిన సీలు వేసిన రాగి గంగ చెంబును ఇరవై ఏళ్ళు దేవుడి గూట్లో పెట్టుకుని, పోయేటప్పుడు అందులో నీళ్ళే గొంతులో పోయించుకుంది. "మీ అవ్వ ఉండుంటే ఈడికే వచ్చేది" అన్నాడు నాయన.

అదే 1964లో లండన్‌లో ఇంకోటి జరిగింది, అది తెలుసుకున్నప్పుడు నాకు బాధేసింది. మన విజయనగరం మహారాజు హైడ్ పార్క్‌లో, మార్బుల్ ఆర్చ్ దగ్గర, 1867 ప్రాంతంలో ఒక మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించాడు. చెక్కిన రాతి కట్టడం. మనవాళ్ళు అచ్చ తెలుగు గడ్డ నుంచి పంపిన నీళ్ళ దానం. దాన్ని 1964లోనే తీసేశారు. ఇక్కడ నూరేళ్ళ పండగ, అక్కడ కూల్చివేత. ఊరు చిన్నదైతే ఇచ్చిన చేతిని గుర్తుపెట్టుకుంటుందేమో. స్టోక్ రోలో ఆ ఇనుముకు రంగు వేయిస్తూ, ఏనుగుకు బంగారు పూత పూయిస్తూ ఇప్పటికీ కాపాడుకుంటున్నారు.

ఊళ్ళో మిగతావి కూడా చూడదగ్గవే. 1846లో కట్టిన సెయింట్ జాన్ చర్చి ఉంది, చెకుముకిరాళ్ళతో కట్టిన గోడలు, చెక్క పెంకుల శిఖరం. అంతకంటే పాతది 1815 నాటి చిన్న ప్రార్థనామందిరం. ఒకప్పుడు ఈ అడవుల్లో బీచ్ కర్రను అక్కడికక్కడే కోసి, కాలితో తొక్కే తరిమెన మీద కుర్చీ కాళ్ళు తీసి, హై వికమ్ కుర్చీల కార్ఖానాలకు పంపే పనివాళ్ళు ఉండేవాళ్ళు. కానీ నేను రెడింగ్‌లో ఉన్న ఆరేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళినా నా కాళ్ళు బావి దగ్గరే ఆగేవి. ఆఫీసులో టెన్షన్‌గా ఉన్న రోజుల్లో, ఇంటి మీద బెంగ పట్టినప్పుడు, ఆ గట్టు మీద ఊరికే కూర్చుని వచ్చేవాణ్ణి. మంచు పడ్డ ఒక జనవరి ఉదయం ఏనుగు వీపు మీద వేలెడు మందం మంచు ఉంది. ఎవరో పిల్లలు దాని పాదాల దగ్గర ఒక క్యారెట్ పెట్టి వెళ్ళారు.

2014లో ఇండియా వచ్చేశాను. నాయన ఊళ్ళో లండన్ గురించి ఎవరడిగినా రాణి కోట గురించి చెప్పడు. కాశీరాజు బావి గురించే చెబుతాడు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు రచ్చబండ దగ్గర మళ్ళీ మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న మా పెదనాయన ఆ నెలలోనే ఎనిమిది వందల అడుగుల బోరు వేయించి, దుమ్ము తప్ప ఏమీ రాక అప్పు మిగుల్చుకున్న మనిషి. అంతా విని ఒకటే అడిగాడు.

"నీళ్ళు పడినాయా?"

"పడినాయి."

"ఎన్ని అడుగులకు?"

"మూడు వందల అరవై ఎనిమిది."

"బోరా?"

"చేత్తో" అన్నాడు నాయన, రెండు అరచేతులూ ముందుకు చాపి చూపించి.